సున్నం పెట్టిన ఆరు బోల్టులు

మూడేళ్ళపాటు మా అమీర్ బీ పెద్దమ్మ తన వాకిట్లో నిలబడిపోయిన కారు కింద ఊడ్వలేదు. తెల్లారే లేచి వాకిలంతా ఊడ్చేది. కానుగ చెట్టు మొదట్లో మొదలుపెట్టి గేటు దాకా కసువు తోసుకుంటూ వచ్చేది. కారు దగ్గరికి రాగానే చీపురు పక్కకు తిరిగేది. అందువల్ల చుట్టూ ఎర్రమట్టి నున్నగా ఉండి, కారు కింద మాత్రం కానుగ ఆకులు, గాలికి కొట్టుకొచ్చిన శెనక్కాయ పొట్టు పేరుకుని ఉండేవి. చూసినవాళ్ళు ఆమెకు ఒళ్ళు బరువైందనుకున్నారు. అసలు కారణం నాకు తెలుసు. నేను ఎవరితోనూ ఎక్కువ మాట్లాడనని ఆమె నాకు ఒక్కదానికే చెప్పింది.

ఉరవకొండలో వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్క గోడ. ఆమె మా అమ్మకు అక్క. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసినప్పటినుంచి పగలంతా ఆమె వసారాలోనే కుట్టుమిషను ముందు కూర్చుంటాను. కుడుతూ తల ఎత్తితే ఎదురుగా ఆ కారే. తెల్ల అంబాసిడర్. డ్రైవరు వైపు తలుపు లోపలికి నొక్కుకుపోయి, మూడు చక్రాల్లో గాలి దిగిపోయి, ఒక పక్కకు ఒరిగి ఉంటుంది.

అది పెద్దనాయన అబ్దుల్ గఫూర్‌ది. ఆయన మెకానిక్. రోడ్డు మీద షెడ్డు లేదు, బోర్డు లేదు. ఆ వాకిలే షెడ్డు. జీపులు, కార్లు, శెనక్కాయలు ఒలిచే మిషన్ల ఇంజన్లు, ఏవైనా కానుగ చెట్టు కిందికే వచ్చేవి. పని లేని దినాల్లో ఆ అంబాసిడర్‌నే టాక్సీగా తిప్పేవాడు. ఎక్కువగా పుట్టపర్తి బాడుగలు.

పెద్దమ్మ కణేకల్ పిల్ల. కాలవ నీళ్ళు, వరి మళ్ళు చూసి పెరిగిన మనిషి. పెళ్ళై ఈ ఎండిన ఊరికి వచ్చిన మొదటి నెలలో అత్తగారి తరపు వాళ్ళ పేర్లకంటే పానాల నంబర్లు ముందు నేర్చుకున్నానని నవ్వేది. వంటింటి గడప మీద కూర్చుని ఎర్రగడ్డలు కోస్తూ ఉంటే, కారు కిందనుంచి "పదేడు" అని ఒక చెయ్యి బయటికి వచ్చేది. ఆమె లేచి పదిహేడో నంబరు పానా ఆ చేతిలో పెట్టి మళ్ళీ కత్తి అందుకునేది. అలా ఇరవై రెండేళ్ళు.

పెద్దనాయనకు ఒక పద్ధతి ఉండేది. ఆయన ఆకు వక్క నమిలే మనిషి. సున్నం డబ్బీ ఎప్పుడూ జేబులో ఉండేది. ఏ బోల్టు బిగించినా దాని తల మీద ఒక సున్నం చుక్క పెట్టాలి. చుక్క ఉంటే బిగించినట్టు, లేకుంటే లేనట్టు. పనిలో ఉండగా ఎవరైనా పిలిచి, లేచిపోయి తిరిగొచ్చినా ఎక్కడ ఆపాడో ఆ చుక్కలే చెప్పేవి. ఆయన చేతులకు గ్రీజు ఉంటుంది, గ్రీజు వేలితో పెడితే సున్నం నల్లబడి కనపడదు. అందుకని ఆయన బిగించి "పెట్టు" అనేవాడు, పెద్దమ్మ చిటికెన వేలితో చుక్క పెట్టేది. రాను రాను అది ఆమె పనే అయింది. చేతులు కడుక్కుని, పైట కొంగుకు తుడుచుకుని, మొగ్గంత చుక్క.

మూడేళ్ళ కిందటి రంజాన్ నెలలో, పదునాలుగో రోజా ఉపవాసం నాడు, పెద్దనాయన తన కారుకే క్లచ్ ప్లేటు మార్చాడు. అడిగి తెచ్చిన చైన్ కప్పీతో గేరుబాక్సు కిందికి దించి, కొత్త ప్లేటు పెట్టి, దాని మీది మూతను ఆరు బోల్టులతో బిగిస్తున్నాడు. నాలుగు బిగించి నాలుగుసార్లు "పెట్టు" అన్నాడు. పెద్దమ్మ నాలుగు చుక్కలు పెట్టింది. అంతలో గేటు దగ్గర ఎవరో పిలిస్తే పోయాడు. రోజా విడిచే పొద్దు దగ్గరపడింది. పొయ్యి మీద గంజి అడుగంటుతున్న వాసన. ఎట్లాగూ బిగిస్తాడు కదా అనుకుని పెద్దమ్మ మిగిలిన రెండింటికీ చుక్క పెట్టేసి, డబ్బీ మూసి, వంటింట్లోకి పరుగెత్తింది.

రోజా విడిచి, నమాజు చేసుకుని వచ్చి, కారు కిందికి దూరుతూ ఆయన అడిగాడట, "అన్నింటికీ పెట్టినావా?" అని.

"ఆ, నువ్వు ఆరూ బిగించినావు గదా, ఆరింటికీ పెట్టినా" అందట ఆమె.

అంతే. తర్వాత గేరుబాక్సు పైకి ఎక్కుతున్న చప్పుడు వంటింట్లోకి వినిపించింది. ఆ రెండూ ఆయన మళ్ళీ పట్టి చూశాడో లేదో ఆమెకు తెలియదు. చెబుదామని గడప దాకా వచ్చిందట. చెబితే గేరుబాక్సు మళ్ళీ దించాలి, దినమంతా నీళ్ళు కూడా తాగని మనిషి, తిడతాడు. వెనక్కి తిరిగింది.

పదో రోజున ఆయన పుట్టపర్తిలో మనుషులను దించి, తెల్లవారుజామున ఒక్కడే వస్తూ, కూడేరు దాటినాక ఒక దిగుడులో రోడ్డు దిగిపోయి బండరాయికి గుద్దుకుని అక్కడే పోయాడు. కారును లాక్కొచ్చి వాకిట్లో ఆయన పనిచేసే చోటే నిలిపారు. బ్రేకు వేసిన గుర్తు రోడ్డు మీద లేదన్నారు. నిద్ర పట్టిందన్నారు. అందరూ ఆ మాటే నమ్మారు. పెద్దమ్మ నమ్మలేదు. ఒకప్పుడు ఎవరి జీపుకో క్లచ్ మారుస్తూ పెద్దనాయన ఆమెకు చెప్పిన మాట ఆమెకు గుర్తుంది: ఈ ఆరూ వదులైతే ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది, దిగుడులో బండి మన మాట వినదు.

ఆ ఆరు బోల్టులు ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య, ఇనప డిప్ప లోపల ఉంటాయి. రెండింటినీ విడదీస్తే తప్ప ఎవరికీ కనపడవు.

ఇదంతా ఆమె నాకు నిరుడు ఎండాకాలంలో చెప్పింది. కారు కింద ఎందుకు ఊడవవని నేనే అడిగాను. ఆమె గుండీలు కుట్టే సూదిలో దారం ఎక్కించుకుని, "ఒక్కోతూరి కాళ్ళు కనపడతాయి షమా" అంది.

"ఎవురివి?"

"ఆయనవే. కాలివేళ్ళు పైకి పెట్టుకుని పండుకుంటాడు చూడు, అట్ల. చీపురు తగుల్తాదేమో అని."

నాకు భయం వేయలేదు, ఎందుకంటే ఆమె భయపడుతూ చెప్పలేదు. చెప్పులు ఎక్కడున్నాయో చెప్పినట్టు చెప్పింది. ఆ తర్వాతే నాకు భయం మొదలైంది. మధ్యాహ్నం ఎండకు ఆ కారు రేకులు టక్, టక్ అని చప్పుడు చేసేవి. వేడికి ఇనుము సాగే చప్పుడని తెలుసు. తెలిసినా మిషను ఆపేదాన్ని. తలెత్తేదాన్ని కాదు. తలెత్తితే కారు కింద నీడలో ఏం కనపడుతుందోనని గుడ్డ మీదే చూపు పెట్టుకునేదాన్ని. పెద్దమ్మ మాత్రం గడప మీద కూర్చుని అటే చూస్తుండేది. ఒక్కోసారి ఆమె కుడిచెయ్యి నేల మీద పానా కోసం తడిమినట్టు కదిలేది.

ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకు కూడా.

ఈ ఏడు కణేకల్ నుంచి మా మామ, పెద్దమ్మ తమ్ముడు అతావుల్లా వచ్చాడు. కారు సీట్ల కిందనుంచి పాము కుబుసం బయటికి తీసి, ఇంక ఇది ఉంచేది లేదని గట్టిగా పట్టుబట్టాడు. గుజిరీ అంగడి నాగేశ్వరతో మాట్లాడి, బేస్తవారం లారీ తెచ్చి పాత ఇనుము కింద ఎత్తుకుపోయేలా ఒప్పించి వెళ్ళాడు. పెద్దమ్మ తలూపింది. అతావుల్లా బస్సెక్కినాక నాతో, "పోయి ఓబన్నను పిల్చుకోని రా. మూడు కాళ్ళది తెమ్మను" అంది.

"యాటికి పెద్దమ్మా?"

"ఇంజను తీయాల. గేరుబాక్సు గూడా, కలిపి పైకే. కింద పండుకోని దించేటోడు లేడు గదా. గుజిరోడు కోసుకోని పోతే ఇంగ ఎప్పటికీ తెలీదు."

ఓబన్న బోరు మోటార్లు పైకి తీసే మనిషి. మూడు ఇనప పైపుల కాళ్ళున్న స్టాండు, దానికి వేలాడే చైన్ కప్పీ, ఇవే అతని ఆస్తి. మా చుట్టుపక్కల బోర్లన్నీ ఎండిపోయే కొద్దీ, మొదట్లో మోటార్లు తీసే పని బాగా పెరిగి, తర్వాత తీయడానికి మోటార్లే లేకుండా పోయాయి. అప్పటినుంచి పెద్దనాయన కార్ల ఇంజన్లు ఎత్తడానికి ఆ స్టాండే వాడేవాడు. ఇద్దరూ స్నేహితులు.

బుధవారం పొద్దున్నే రామాంజులు లగేజీ ఆటోలో స్టాండు వేసుకుని ఓబన్న వచ్చాడు. రామాంజులు అతని బామ్మర్ది.

"ఏం వదినా, ఇంజను తీసి యాడన్నా బోరులోకి దించుతావా ఏమి?" అన్నాడు ఓబన్న దిగుతూనే. "నీళ్ళైతే పడవు. డీజిలన్నా పడతాదేమో చూస్తాం."

"నోరు కాదు, చేతులు ఆడియ్యి" అంది పెద్దమ్మ.

"గుజిరోనికి ఇచ్చేదానికి ఇంజను తీసేది యాటికంటా. వాడు గ్యాసుతో కోసుకుంటాడు గదా."

"కోయకముందు నేను చూడాల."

"ఏం చూడాల?"

"చూడాల."

ఓబన్న నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. అతను ఇంకేమీ అడగకుండా తువ్వాలు తలకు చుట్టాడు.

పనిలో దిగాక చెప్పేది పెద్దమ్మే, చేసేది వాళ్ళిద్దరు. ముందు బానెట్ విప్పి గోడకు ఆనించారు. రేడియేటరులో నీళ్ళు ఎప్పుడో ఎండిపోయి అడుగున తుప్పు పొడి మిగిలింది. అది తీశారు. ఫ్యాను, వైర్లు, డీజిలు పైపులు. పైపు ఊడదీయగానే మూడేళ్ళ కిందటి డీజిలు వాసన వాకిలంతా కమ్ముకుంది. పెద్దమ్మ కొంగు ముక్కుకు పెట్టుకోలేదు. విప్పిన ప్రతి బోల్టునూ ఆమె నా చేతిలో పెట్టి, "దీన్ని ఆ ఎర్ర మూతలో, దీన్ని పచ్చడి జాడీలో" అని వేరువేరుగా పెట్టించింది. తిరిగి బిగించేది ఏదీ లేదు. అయినా పద్ధతి తప్పనివ్వలేదు. ప్రతి బోల్టు తల మీదా బూడిదరంగుకు తిరిగిన చిన్న చుక్క ఉంది. కొన్నింటి మీద ఎండిన పెచ్చులా ఉంది. నేను వాటిని తుడవకుండా పట్టుకున్నాను.

"ఇవన్నీ నీ చేత్తో పెట్టినవే గదా వదినా" అన్నాడు ఓబన్న.

ఆమె సైలెన్సర్ పైపు వైపు చెయ్యి చూపింది.

సైలెన్సర్ పైపు నట్లు తుప్పు పట్టి రాలేదు. కిరసనాయిలు పోసి, నానేదాకా కూర్చున్నారు. నేను టీ తెచ్చాను. రామాంజులు టీ తాగుతూ కారు కిందికి బాగా వంగి చూసి, "ఇంగ కింద పొడుగు షాఫ్టు విప్పల్ల. గేరుబాక్సును మోసే పట్టీ గూడా. నేను దూరతా" అన్నాడు.

"వద్దు" అంది పెద్దమ్మ.

"జాకీ గట్టిగానే పెట్టినామక్కా. రాళ్ళు గూడా పెట్టినాము."

"ఎవురినీ దీని కిందికి పోనియ్యను."

"మరి అదెవురు విప్పుతారు? నాకా నడుము పట్టేసి వారమాయె. నేను దూరితే నన్ను గూడా కప్పీకి కట్టే తీయాల" అన్నాడు ఓబన్న.

పెద్దమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. కొంగు నడుముకు దోపుకుంది. వద్దనేలోపే నేల మీద వెల్లకిలా పడుకుని, మడమలతో తోసుకుంటూ కారు కిందికి పోయింది. ఆకులు గరగరమన్నాయి. తర్వాత ఆమె రెండు కాళ్ళే బయట ఉన్నాయి, కాలివేళ్ళు పైకి ఉండేలా, ఎర్రమట్టిలో.

నేను కూర్చున్న చోటనుంచి కదల్లేకపోయాను. చాలాసేపు లోపలినుంచి ఏ చప్పుడూ రాలేదు. పానా చప్పుడు లేదు, ఆకుల చప్పుడూ లేదు. ఓబన్న కూడా గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"పెద్దమ్మా?" అన్నాను. మళ్ళీ పిలిచాను.

"పదేడు" అంది లోపలినుంచి. చెయ్యి బయటికి వచ్చింది.

నేను పానా అందించాను. ఆ చెయ్యి చల్లగా ఉంది.

షాఫ్టు నాలుగు బోల్టులూ, పట్టీ బోల్టులూ విప్పేసరికి గంట పట్టింది. బయటికి వచ్చినప్పుడు ఆమె జుట్టు నిండా కానుగ ఆకులు, మొహాన తుప్పు. వసారాలో కూర్చోబెట్టి నీళ్ళిస్తే తాగి, నాకు మాత్రమే వినపడేలా చెప్పింది.

"గుంత పడిండాది షమా. అన్నేండ్లు ఆడే పండుకొని పండుకొని, ఈపు పట్టేంత గుంత. ఆకులు కప్పుకోని కనపడ్ల్యా. నా ఈపు పోయి సరిగ్గా దాంట్లోనే పడె. లేయబుద్ధి కాల్యా."

మధ్యాహ్నం తిరిగాక కారు మీదుగా మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టారు. ఇంజనుకు ముందొక చోట, వెనకొక చోట గొలుసు చుట్టి కప్పీ కొక్కేనికి తగిలించారు. ఓబన్న చైను లాగుతుంటే కటకట కటకటమని చప్పుడు. మొదట ఏమీ కదల్లేదు. కారే ఇంజనును వదలనట్టు ఉంది. తర్వాత ముందువైపు ఇంజను కొద్దిగా లేచింది. లేస్తూనే కారు ముందుభాగం మొత్తం జానెడు పైకి లేచింది, మంచం మీద మనిషి ఊపిరి పీల్చుకుని లేచి కూర్చున్నట్టు. బరువు పోయినందుకు స్ప్రింగులు లేస్తాయని పెద్దమ్మే ఒకసారి చెప్పింది. అయినా నేను వెనక్కి అడుగు వేశాను.

"నిదానం. తోక తగుల్తాది" అంది పెద్దమ్మ. తోక అంటే ఇంజను వెనక అంటుకుని ఉన్న గేరుబాక్సు. అది ఏటవాలుగా, పొట్టలోంచి ఏదో లాగినట్టు బయటికి వచ్చింది. నల్లటి ఆయిలు చుక్కలు చుక్కలుగా కారింది. రామాంజులూ నేనూ పెద్దమ్మా కారును వెనక్కి తోశాం. గాలి లేని చక్రాలు నేలను గీరుకుంటూ కదిలాయి. మూడేళ్ళ తర్వాత ఆ చోట ఎండ పడింది. ఇంజనూ గేరుబాక్సూ గాలిలో మెల్లగా తిరుగుతూ ఉంటే, కింద పరిచిన గోనెసంచుల మీదికి దించారు.

"ఇంగ చాలా వదినా? చూసినావా?" అన్నాడు ఓబన్న చెమట తుడుచుకుంటూ.

"ఇంగా లేదు. రెండూ విడదీయి."

రెండింటినీ కలిపే బోల్టులు చుట్టూ విప్పి, రామాంజులు గేరుబాక్సు పట్టుకుని ఇటూ అటూ ఊపుతూ వెనక్కి లాగాడు. నల్లటి ధూళి రాలింది. లోపల ఇంజను వైపు పళ్ళెమంత గుండ్రటి క్లచ్ మూత. దాని అంచు చుట్టూ ఆరు బోల్టులు.

పెద్దమ్మ దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. చేత్తో ధూళి తుడవలేదు, నోటితో ఊదింది. చుక్కలు కనపడ్డాయి. ఆరింటి మీదా ఉన్నాయి.

"పానా" అంది.

"ఇయ్యి, నేను పట్టి చూస్తా" అన్నాడు ఓబన్న.

"లేదు. నేనే."

ఒక్కో బోల్టుకూ పానా తగిలించి రెండు చేతులతో నొక్కింది. ఒకటి కదల్లేదు. రెండు కదల్లేదు. మూడు, నాలుగు కూడా. నాలుగో దాని దగ్గర ఆపి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది. ఐదో దానికి పానా రెండుసార్లు జారింది. మూడోసారి పట్టుకుంది. ఆమె నొక్కింది. బోల్టు కదల్లేదు. ఇంకా గట్టిగా, ఒళ్ళంతా వేసి నొక్కింది. ఇంజనే గోనెసంచి మీద కొంచెం జరిగింది కానీ బోల్టు కదల్లేదు. ఆరోదీ అంతే.

ఆమె పానా ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. అప్పుడు నేను వంగి చూశాను. మొదటి నాలుగింటి మీద మొగ్గంత చుక్కలు. చివరి రెండింటి మీదా ఆ చుక్క ఉంది, కానీ దాని మీద ఇంకొకటి ఉంది. పెద్దది, గ్రీజు కలిసి నల్లబడింది. అందులో బొటనవేలి గీతలు కూడా స్పష్టంగా ఉన్నాయి.

నేను వేలితో చూపించాను. పెద్దమ్మ కళ్ళు దగ్గరికి పెట్టి చూసింది.

వెనకనుంచి ఓబన్న తొంగిచూసి, చిన్నగా నవ్వాడు. "ఓ, ఇవేనా ఆ రెండు?"

పెద్దమ్మ తల తిప్పింది. "ఏ రెండు?"

"అదే వదినా, ఆయప్ప బిగించకముందే నువ్వు సున్నం పెట్టినవి. గఫూర్ చెప్పినాడులే. మరుసటి దినం కప్పీ తిరిగిచ్చేదానికి మా ఇంటికి వచ్చినాడు గదా, అప్పుడు."

"ఏం చెప్పినాడు?"

ఓబన్న నవ్వు ఆగిపోయింది. ఆమె గొంతు అలా ఉంది. అతను తలగుడ్డ విప్పి చేతిలోకి తీసుకున్నాడు.

"ఏముంది వదినా. 'మా ఆమె రోజా విడిచే తొందర మీద నాకంటే ముందే పని ముగిచ్చేసింది ఓబన్నా' అన్నాడు. గేరుబాక్సు ఎక్కిచ్చేముందు ఎందుకో అనుమానం వచ్చి పట్టి చూస్తే రెండు చేత్తోనే తిరిగినాయంట. బిగిచ్చి, తానే సున్నం పెట్టుకున్నాడంట."

"నేను అబద్దం చెప్పినా ఆయప్పకు."

"అదీ చెప్పినాడు. 'అడిగితే ఇంత మొగం చేసుకోని అబద్దం చెప్పింది' అని నవ్వినాడు."

"నాతో ఒక్క మాట అనల్యా. పది దినాలున్నాడు ఇంట్లో. ఒక్క మాట అనల్యా."

"పండగనాడు అంటానన్నాడు. 'సేమ్యా తినేటప్పుడు నలుగురూ ఉంటారు, అప్పుడు బయట పెడతా, యాడికి పోతాదో చూస్తా' అన్నాడు."

పండగ ఇంకా ఐదారు రోజులుందనగా ఆయన పోయాడు. ఆ ఏడు ఆ ఇంట్లో సేమ్యా వండలేదు.

పెద్దమ్మ ఏడవలేదు. మూడేళ్ళుగా తను అనుకున్నదంతా ఓబన్నకు మొదటినుంచీ చెప్పింది. గంజి వాసన, గడప దాకా వచ్చి తిరిగిపోవడం, రోడ్డు మీద బ్రేకు గుర్తు లేదన్న మాట. చెబుతున్నంతసేపూ ఆ రెండు బోల్టులనే చూస్తూ చెప్పింది. రామాంజులు ఆటో దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఓబన్న వింటూ వింటూ నేల మీద చతికిలబడ్డాడు.

"మూడేండ్లా?" అన్నాడు చివరికి. "మూడేండ్లు దీన్ని కడుపులో పెట్టుకోనుంటివా? ఒక్కతూరి నన్ను అడిగుంటే అయిపోయుండు గదమ్మా. నేనేం దూరంలో ఉండానా?"

"నువ్వు మాత్రం చెప్పితివా?"

"పోయిన మనిషి ఎగతాళి మాట తెచ్చి నీకెట్ల చెప్పేది వదినా? అదీగాక నాకు గుర్తే లేదు. ఇప్పుడీ రెండూ చూస్తేనే గుర్తొచ్చె."

నా చేతిలో ఇంకా బోల్టుల మూత ఉంది. ఏడాదిగా ఈ సంగతి తెలిసిన మనిషిని నేనే. ఓబన్న ఇంటి ముందునుంచి వారానికి రెండుసార్లు నీళ్ళ బిందెతో పోతాను. అతను "ఏం పాపా, బాగుండావా" అంటాడు. నేను తలూపి పోతాను. ఒక్కసారి ఆగి, పెద్దమ్మ ఇలా అనుకుంటోందని అని ఉంటే సరిపోయేది. మూత కింద పెట్టడానికి కూడా నాకు చెయ్యి రాలేదు.

"మరి బండి ఎట్ల పోయె?" అంది పెద్దమ్మ.

"అది ఆయప్పకే తెలుసు. నిద్ర వచ్చిండొచ్చు. కుక్క అడ్డమొచ్చిండొచ్చు. నీ చెయ్యి మాత్రం కాదు."

ఆమె ఆ మాట విని తలూపలేదు, ఊపిరి వదల్లేదు. తప్పు తనదైనంతకాలం ఆయన చావుకు ఒక కారణం ఉండేది. ఇప్పుడు అదీ లేదు. ఇంజను లేని కారు ముందువైపు ఎత్తి, నోరు తెరుచుకుని ఉంది. గాలికి దాని తలుపు కొంచెం కదిలి ఆగింది. ముగ్గురం అటు చూశాం. ఎవరూ లేచి దాన్ని మూయలేదు.

పెద్దమ్మ ఓబన్న వైపు తిరిగి సర్దుకుని కూర్చుంది.

"ఇంగా ఏమన్నాడు?" అంది.

"ఎప్పుడు?"

"ఆ దినం. మీ ఇంటికి వచ్చినాడు గదా. ఇంగా ఏమేమి అన్నాడు?"

ఓబన్న గడ్డం గోక్కున్నాడు. కప్పీ గొలుసుకు గ్రీజు పెట్టమన్నాడట, ఓబన్న మేకపిల్లను చూసి ఎండిపోయిందన్నాడట, ఎండలు ఈసారి ముందే ముదిరినాయన్నాడట. గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు చెప్పాడు.

"ఇంగా?"

పుట్టపర్తి బాడుగలో ఎవరో ముసలాయన కారంతా అగరొత్తుల వాసన చేసిన కథ చెప్పాడు. ఆ కథ నేను పెద్దనాయన నోట విన్నదే. అది నిజమే.

"ఇంగా?"

ఓబన్న నా వైపు ఒకసారి చూసి, పెద్దమ్మ చేతి గంజి ఉరవకొండలో ఇంకెక్కడా దొరకదని ఆయన అన్నాడని చెప్పాడు. పెద్దనాయన ఆ మాట అని ఉండడు. గంజిలో ఉప్పెక్కువని రోజూ పోట్లాడేవాడు. ఆ సంగతి నాకు తెలుసు, పెద్దమ్మకు ఇంకా బాగా తెలుసు. ఓబన్న దగ్గర గుర్తున్నవి అయిపోయాయి, అతను కల్పించడం మొదలుపెట్టాడు. రామాంజులు గేటు దగ్గరనుంచి పొద్దుపోతోందని కేక వేశాడు. పెద్దమ్మ అటు చూడలేదు. ఓబన్న మొహం మీదినుంచి చూపు తిప్పకుండా, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కొంచెం ముందుకు వంగింది.

"ఇంగా?" అంది.